సమ్మె వంటగది స్కోన్లు

పిండి ఎక్కువ పిసికితే స్కోను, అంటే మా చిన్న గుండ్రటి రొట్టె, రాయి అవుతుందని మా అత్త నెట్టా మాటల్లో చెప్పలేదు. నా చేతుల మీద ఒక్కటి వేసింది.

"చాలు. దాని ప్రాణం తీయకు," అంది.

అది 1984 నవంబరు. మా కిన్‌హార్లీ బొగ్గు గనిలో సమ్మె మొదలై తొమ్మిదో నెల. పెళ్ళిళ్ళకీ డాన్సులకీ వాడుకునే కార్మికుల హాల్లో రోజూ మధ్యాహ్నం రెండొందల మందికి భోజనం పెట్టేవాళ్ళం. అక్కడి వంటగది పెత్తనమంతా నెట్టాది. మామ ఆర్చీ ముప్పై నాలుగేళ్ళు భూమి కిందకి దిగినవాడు, సమ్మె కమిటీలో ముఖ్యుడు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు కెన్నీ నా మొగుడు. మాకు ఎనిమిది నెలల పిల్ల, మైరీ. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. పేరు ఎల్స్పెత్, అందరూ ఎల్సీ అనేవాళ్ళు.

ఆ వారమే ఎక్కడో సముద్రం అవతల ఒక రేవులోని కూలీలు మా కోసం ఎండుద్రాక్ష బస్తా పంపారు. నెట్టా బస్తా విప్పి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఆ చెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని కాసేపు అలాగే నిలబడింది. తొమ్మిది నెలలుగా మేం వండుతున్నవి చిక్కుళ్ళ సూపూ, బంగాళాదుంపలూ, మళ్ళీ చిక్కుళ్ళ సూపూ.

"రేపట్నుంచి స్కోన్లు చేద్దాం. ఒట్టివి కాదు, పండ్లవి," అంది.

అలా నాకు స్కోన్ల పని పడింది. పిండిలో వెన్న ముద్దని వేళ్ళ కొసల్తోనే నలపాలి, అరచెయ్యి తగలకూడదు. మాకు వెన్నెక్కడిది, నూనెతో చేసే చవక మార్గరీనే. రవ్వలా అయ్యాక ద్రాక్ష వేసి, ఒక రైతు ఊరికే ఇచ్చే పులిసిన పాలు పోసి, చాకుతో కలపాలి. రెండు వేళ్ళ మందాన తట్టి, గ్లాసు బోర్లించి నిటారుగా నొక్కి తియ్యాలి. గ్లాసు తిప్పామా, స్కోను ఒక పక్కకి ఒరిగి పొంగుతుంది. పొయ్యిలోంచి తీశాక అడుగున వేలితో కొట్టి చూడాలి, డొల్లగా మోగితే కాలినట్టు.

నా మొదటి ట్రే చూసి, మాతో వంట చేసే రీనా అంది, "ఇవి గని గేటు దగ్గరికి పంపండి. పోలీసుల మీద విసరడానికి పనికొస్తాయి."

"నీ పెళ్ళయిన కొత్తలో నీ స్కోను కొరికి మీ ఆయనకి పన్ను ఊడింది. ఊరంతా చూసింది," అంది నెట్టా తలెత్తకుండానే.

రీనా అందరికంటే గట్టిగా నవ్వింది. గని గేటుకి అడ్డం నిలబడ్డప్పుడు పోలీసులతో జరిగిన తోపులాటలో వాళ్ళాయనని జూన్‌లో పట్టుకుపోయారు. దాంతో అతని ఉద్యోగం పోయింది. సమ్మె గెలిచినా అతనికి మళ్ళీ పని దొరుకుతుందన్న నమ్మకం లేదు. అయినా మనిషి నవ్వేది.

డిసెంబరుకి ఇళ్ళల్లో బొగ్గు అయిపోయింది. మగవాళ్ళు ఊరి వెనక పాత బొగ్గుమట్టి దిబ్బ మీద గోతులు తవ్వి, చిన్న చిన్న ముక్కలు ఏరి సంచుల్లో తెచ్చేవాళ్ళు. ఒక మధ్యాహ్నం కెన్నీ ఆ గోతిలో ఉండగా పై మట్టి జారింది. మనిషి కనబడకుండా పోయాడు. ఆర్చీ పారతో తవ్వితే తగుల్తుందని చేతులతోనే తవ్వి తీశాడు. ఆ రోజు ఆర్చీ వేళ్ళ గోళ్ళు రెండు ఊడిపోయాయి.

అది కెన్నీ నాకు నవ్వుతూ చెప్పాడు. ఆ తర్వాత నవ్వలేదు. ఏదడిగినా ఒకటి రెండు మాటల్లో చెప్పి ఊరుకునేవాడు. మాట్లాడేటప్పుడు మధ్యలో నాలికతో పళ్ళు తడుముకునేవాడు, ఇంకా మట్టి ఉందేమో అన్నట్టు.

కొత్త సంవత్సరం వచ్చిన మూడో రోజు మైరీకి రొమ్ములో జలుబు చేరి ఊపిరి పట్టేసింది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచారు. పంపించేటప్పుడు డాక్టరు, "వెచ్చటి గదిలో ఉంచండి," అన్నాడు. సరేనన్నాను. ఇంటికొచ్చాక, గోడలకి తేమ పట్టి నల్లగా ఉబ్బిన మా రెండు గదుల్లో ఏది వెచ్చటిదని పిల్లనెత్తుకుని తిరిగాను. కెన్నీ చెక్క బీరువా అరలు విరగ్గొట్టి పొయ్యిలో పెట్టాడు.

జనవరి ఆఖరి ఆదివారం మధ్యాహ్నం. పిల్ల నిద్రపోతోంది. ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపిస్తోంది. కెన్నీ ఆ ఈల వింటూ కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు.

"రేపు వెళ్తున్నా."

"ఎక్కడికి?"

"పనికి."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక వెళ్ళి కిటికీ తలుపు మూశాను. వీధిలో ఎవరూ లేరు. అయినా మూశాను.

"మీ నాన్నకి చెప్పావా?"

"గేటు దగ్గర చూస్తాడుగా."

"ఆ గేటు దగ్గర ముందు వరసలో నిలబడేది ఆయనే కెన్నీ. ఆయన కళ్ళ ముందునుంచే వెళ్తావా?"

"ఇంకో దారి ఉంటే చెప్పు, ఆ దారినే వెళ్తా."

"అందరి పిల్లలూ చలిలోనే ఉన్నారు."

"అందరి పిల్లలూ నా పిల్లలు కారు," అన్నాడు. ఆ మాట తన చెవికే ఎలా వినబడిందో ఏమో, తల దించుకున్నాడు. మళ్ళీ మెల్లగా అన్నాడు. "మట్టి కింద ఉన్నప్పుడు ఏమనుకున్నానో తెలుసా? గెలుస్తామా ఓడతామా అని కాదు. ఇంట్లో పొయ్యిలోకి ఒక సంచి బొగ్గు కోసం చస్తున్నానే అనుకున్నా. పనిలోకి వెళ్ళినవాళ్ళకి బొగ్గు బండి ఇంటికే వస్తోంది, ఎల్సీ. గుమ్మం ముందు పోసి వెళ్తున్నారు."

వద్దన్నాను. ఏడ్చాను. మీ అమ్మ మొహం ఎలా చూడమంటావన్నాను. అవన్నీ నిజమే. కానీ ఒకటి దాచను. బొగ్గు బండి అనగానే అది మా గుమ్మం ముందు ఆగడం నా కళ్ళకి కట్టింది. ఆ తర్వాత నేను వద్దన్న మాటల్లో బలం తగ్గింది. అది కెన్నీకీ తెలిసింది.

హాల్లో పనిచేసే ఆడవాళ్ళం శనివారం మిగిలిన స్కోన్లు తలా నాలుగు ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. వాటిలో రెండు కాగితంలో చుట్టి, కెన్నీ మధ్యాహ్నం తినడానికి పక్కన పెట్టాను. మనిషి పనికి వెళ్తుంటే తిండి కట్టి ఇవ్వాలి. చేతులకి తెలిసింది అదే.

తెల్లవారుజామున కెన్నీ ఆ పొట్లం అందుకుని వాసన చూశాడు.

"ఇవి హాల్లో చేసినవా?"

"మరి? మన ఇంట్లో ద్రాక్ష ఎక్కడిది?"

"ఆ ద్రాక్ష వాళ్ళు సమ్మెలో ఉన్నవాళ్ళకి పంపారు," అని పొట్లం బల్ల మీద పెట్టేశాడు. రెండు రొట్టె ముక్కలకి ఇంత మాంసపు కొవ్వు రాసుకుని జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు.

నాలుగు వీధుల కూడలిలో బస్సు ఆగింది. రాళ్ళు తగలకుండా కిటికీలకి ఇనప వల కట్టి, పనిలోకి పోయేవాళ్ళని తీసుకెళ్ళే బస్సు. అది గని గేటు చేరిన సంగతి నాకు మైలు దూరంలో మంచం మీద కూర్చునే తెలిసింది. వందల గొంతులు ఒక్క మాటే అరిచాయి. స్కాబ్. సమ్మె విరిచి పనిలోకి పోయేవాణ్ణి మా దగ్గర అలా అంటారు. మా ఊరి పిల్లలు ఆడుకుంటూ బూతులైనా అంటారు గానీ ఆ మాట మాత్రం ఆటకి కూడా అనరు.

పొద్దున్నే మైరీని బండిలో పడుకోబెట్టి హాలుకి బయల్దేరాను. వెళ్ళకపోయినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఇంట్లో కూర్చుంటే నేనూ ఆ బస్సు ఎక్కినట్టే అనిపించింది.

నేను వంటగదిలో అడుగు పెట్టేసరికి మాటలు ఆగిపోయాయి. ఎనిమిది మంది ఆడవాళ్ళు. క్యారెట్లు తరుగుతున్న చాకులు కూడా ఆగాయి. నెట్టా పెద్ద బల్ల దగ్గర నాకు వీపు పెట్టి నిలబడి ఉంది.

రీనా చాకు కింద పెట్టి ఆప్రాన్ ముడి మీద చెయ్యి వేసింది. "ఈవిడ ఇక్కడుంటే నేనుండను."

నెట్టా బల్ల తుడుస్తూనే ఉంది.

"నెట్టా, నీతోనే చెప్తున్నా."

నెట్టా ఇటు తిరిగింది. ఆమె మొహం ఒక్క పొద్దులో ఎంత లోపలికి పోయిందో. "పొయ్యి వేడెక్కింది. ఎల్సీ, పిండి జల్లించు," అంది.

"నీ కోడలు కాకపోతే ఇలాగే అనేదానివా?"

నెట్టా ఆలోచించింది. నిజంగానే ఆలోచించి చెప్పింది. "అనేదాన్ని కాదేమో. తిట్టి పంపేదాన్నేమో. కానీ రీనా, బస్సెక్కింది ఈ పిల్ల కాదు. మధ్యాహ్నానికి రెండొందల మంది వస్తారు. ఉంటావో పోతావో నీ ఇష్టం."

రీనా పోలేదు. తన చాకూ బుట్టా తీసుకుని గది ఆ చివరికి వెళ్ళి, నాకు వీపు పెట్టి కూర్చుంది. నేను పిండి జల్లించాను. మార్గరీను నలపబోతే అరచెయ్యే తగులుతోంది. రెండుసార్లు ఆగి చల్లనీళ్ళ కింద చేతులు పెట్టుకున్నాను. పాలు పోసేటప్పుడు కొలత చూశానో లేదో గుర్తులేదు. గ్లాసు మాత్రం తిప్పలేదు.

మధ్యాహ్నం తలుపులు తీశారు. మగవాళ్ళు వరసలో వచ్చారు. వాళ్ళ బట్టల మీద గేటు దగ్గరి మంట పొగ వాసన. రీనా సూపు పోస్తోంది, ఇంకొకామె దుంపలు వేస్తోంది, ఆ పక్కన నా ట్రే. మొదటివాడు సూపు తీసుకుని నా ముందునుంచి కదిలిపోయాడు. రెండోవాడూ అంతే. మూడోవాడు నా పెళ్ళిలో అకార్డియన్ వాయించినవాడు. గోడ వైపు చూస్తూ వెళ్ళాడు. ఒక ముసలాయన అలవాటుకొద్దీ చెయ్యి చాపాడు. వెనకనుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు. ఆయన ఆ చెయ్యి జేబులో పెట్టుకుని నాకేసి చూసి, "ఇవాళ ఆకలి లేదమ్మా," అన్నాడు.

ట్రేలో స్కోన్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. వేడి తగ్గి, పైన మెరుపు పోతోంది. తిట్టినా బాగుండేది. హాలంతా చెంచాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

కమిటీ వాళ్ళు ఆఖర్న తినేవాళ్ళు. ఆర్చీ అందరికంటే ఆఖరు. టోపీ మీద మంచు కరిగి చెంపల మీదకి కారుతోంది, తుడుచుకోవడం లేదు. సూపు గిన్నె పట్టుకుని నా ముందుకొచ్చి ఆగాడు. చెంచాల చప్పుడు కూడా ఆగింది.

"ఇవి ఎక్కడ చేశావు?" అని అడిగాడు.

"ఇక్కడే మామయ్యా. ఈ పొయ్యిలోనే."

"పిండి?"

"హాలుదే."

"నీ చేత్తోనేనా?"

"నేనే."

ఆయన ట్రే వైపు చూశాడు. నావైపు చూశాడు. చెయ్యి చాపి ఒకటి తీసుకున్నాడు. ఆ వేళ్ళకి గోళ్ళు ఇంకా సగమే పెరిగాయి. అక్కడే నిలబడి కొరికి, నెమ్మదిగా నమిలి మింగాడు.

"ఉప్పు తగ్గింది. రేపు చూసి వెయ్యి," అన్నాడు, హాలు ఆ చివరికి వినబడేలా.

తర్వాత ముందుకి వంగి, నాకొక్కదానికే వినబడేలా అన్నాడు. "నువ్వూ పిల్లా మా ఇంటికి ఎప్పుడైనా రండి. నువ్వూ, పిల్లా."

ఆయన వెళ్ళి తన చోట కూర్చున్నాక, అకార్డియన్ వాయించే అతను లేచొచ్చి ఒకటి తీసుకున్నాడు. తర్వాత ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు. అందరూ రాలేదు. సగం ట్రే మిగిలింది. రీనా ముట్టలేదు.

సాయంత్రం ట్రేలు కడుగుతూ నెట్టాతో చెప్పేశాను. "అత్తా, హాలు స్కోన్లు రెండు కెన్నీకి కట్టి పెట్టాను పొద్దున. పనికి తీసుకెళ్ళడానికి."

నీళ్ళలో ఆమె చేతులు ఆగాయి. "తిన్నాడా?"

"లేదు. సమ్మెలో ఉన్నవాళ్ళవని బల్ల మీద వదిలేసి వెళ్ళాడు."

ఆమె కడిగిన ట్రేనే మళ్ళీ కడిగింది. "ఏం తీసుకెళ్ళాడు మరి?"

"రొట్టెకి కొవ్వు రాసుకుని."

"వాడికి కొవ్వు పడదు," అంది. అంతే. ఆ రోజు తర్వాత సమ్మె ముగిసేదాకా నా దగ్గర కొడుకు ఊసెత్తలేదు.

గురువారం బొగ్గు బండి వచ్చి మా గుమ్మం ముందు గుట్టగా పోసి వెళ్ళింది. పొయ్యి వెలిగించాను. రెండో రోజుకి మైరీ గొంతులో ఈల తగ్గింది. బయటికి వెళ్ళి చూస్తే వీధి మొత్తం మీద మా ఒక్క గొట్టంలోంచే పొగ లేస్తోంది. ఎవరు ఎటునుంచి వచ్చినా అది చూడకుండా పోలేరు. మర్నాడు మా తలుపు మీద ఆ మాట సుద్దతో రాసి ఉంది. తుడిచాను. మళ్ళీ రాశారు. కెన్నీ, "వదిలెయ్, ఉన్నదే రాశారు," అన్నాడు.

ఒకసారి పిల్ల బండిలో దుప్పటి కింద నాలుగు పెద్ద బొగ్గు పెళ్ళలు పెట్టుకుని నెట్టా ఇంటికి వెళ్ళాను. ఆమె దుప్పటి ఎత్తి చూసి మళ్ళీ కప్పేసింది.

"ఇది నా ఇంట్లో మండదు ఎల్సీ. పిల్లనివ్వు, కాసేపు ఎత్తుకుంటా. అది మాత్రం నీతోనే తీసుకుపో."

కోటు వేసుకుని, ఆ కోటు లోపల మైరీని పెట్టుకుని చల్లని గదిలో అటూ ఇటూ తిరిగింది.

నేను రోజూ హాలుకి వెళ్ళాను. ఉప్పు చూసి వేశాను. పగలంతా వాళ్ళకి వండి, సాయంత్రం ఇంటికొచ్చి కెన్నీకి వండేదాన్ని. హాల్లో ఏం జరిగిందో అతను అడిగేవాడు కాదు. గనిలో ఏం జరిగిందో నేను అడిగేదాన్ని కాదు. పిల్ల ఎలా ఉందన్నది ఒక్కటే మాకు మిగిలిన మాట.

మార్చి మొదట్లో సమ్మె ముగిసింది. గెలవలేదు. మగవాళ్ళంతా హాలు ముందు చేరి, జెండా పట్టుకుని, బ్యాండు వాయించుకుంటూ గనికి నడిచారు. ఆడవాళ్ళం రోడ్డు పక్కన నిలబడి చప్పట్లు కొట్టాం. ఏడ్చేవాళ్ళు ఏడ్చారు. రీనా మొగుడికి గేటు లోపల పని లేకపోయినా గేటు దాకా నడిచాడు. రీనా నా పక్కనే నిలబడింది. నాతో మాట్లాడలేదు గానీ, జనం తోసినప్పుడు పిల్ల బండికి అడ్డంగా నిలబడింది. అంతకు గంట ముందే కెన్నీనీ అతని బస్సులోవాళ్ళనీ గని లోపలికి పంపేశారు.

తర్వాత కెన్నీతో ఎవరూ మాట్లాడలేదు. కిందకి దిగే లిఫ్టులో అతను ఎక్కితే మిగిలినవాళ్ళు దిగి తర్వాతి దానికి ఆగేవాళ్ళు. తండ్రీ కొడుకులు ఒకే గనిలో రెండు నెలలు పనిచేశారు. ఎదురుపడితే ఆర్చీ గోడకి తిరిగి దీపం సరిచేసుకునేవాడు. మే నెలలో కెన్నీ మానేశాడు. దక్షిణాన ఒక ఊళ్ళో బస్సుల షెడ్డులో పని దొరికింది.

వెళ్ళేరోజు పొద్దున నెట్టా వచ్చింది. జనవరి తర్వాత మా ఇంటికి రావడం అదే. మెట్టు మీదే నిలబడింది.

"లోపలికి రా అత్తా."

"రాను. మీ మామకి మాటిచ్చాను, గుమ్మం దాటనని." మైరీని ఎత్తుకుని ముద్దు పెట్టుకుంది. లోపల కెన్నీ పెట్టెకి తాడు కడుతున్నాడు. ఆ చప్పుడు ఆగింది. నెట్టా నావైపే చూస్తూ కాస్త గొంతు పెంచింది. "ఎల్సీ, గురువారం రెండింటికి మీ మామ పందెం పావురాల క్లబ్బుకి పోతాడు. నాలుగు దాకా రాడు. కమిటీ పనికని పెట్టించిన ఫోను ఇంకా పనిచేస్తూనే ఉంది. ఎవరైనా చేస్తే నేనే ఎత్తుతాను."

ఆమె పిల్లని నా చేతికిచ్చి, మెట్లు దిగి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

ప్రతి గురువారం ఫోను చేశాం. కెన్నీది తెల్లవారు షిఫ్టు, రెండింటికల్లా ఇంట్లో ఉండేవాడు. ముందు నేను మాట్లాడి తర్వాత అతనికిచ్చేదాన్ని. తల్లీ కొడుకూ ఎప్పుడూ ఆ చలికాలం మాట ఎత్తలేదు. పిల్ల అల్లరి, వాన, నెట్టా మోకాళ్ళు. ఆర్చీ గురించి కెన్నీ అడగలేదు, ఆమె చెప్పలేదు.

మూడో ఏడు అక్టోబరులో ఒక గురువారం నాకు జ్వరం. దుప్పటి కప్పుకుని సోఫాలో పడుకున్నాను. కెన్నీయే నంబరు తిప్పాడు. "అమ్మా," అన్నాడు. తర్వాత ఏమీ అనలేదు. రిసీవరు రెండు చేతుల్తో పట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మైరీ ఏదో అడగబోతే ఊరుకోమని సైగ చేశాను. గడియారం చూడలేదు గానీ చాలాసేపే. చివరికి మెల్లగా పెట్టేశాడు.

"ఎవరు?" అన్నాను.

"నాన్న."

"ఏమన్నాడు?"

"ఏమీ అనలేదు." కుర్చీలో కూర్చున్నాడు. "క్లబ్బుకి పోకుండా ఫోనెత్తాడు. దగ్గుతున్నాడు. వెనకాల అమ్మ ట్రేలు సర్దుతోంది. పెట్టేస్తాడేమో, పెట్టేస్తాడేమో అని నిలబడ్డా. పెట్టలేదు. నాకే ఏం చెయ్యాలో తోచక పెట్టేశా."

తర్వాతి గురువారం కెన్నీ ఒంటిగంటన్నరకే వచ్చి ఫోను పక్కన కూర్చున్నాడు.